రెండు బిస్కెట్ల నడుమ నువ్వులు



బతుకుదెరువు కోసం భివండీ వెళ్లిన బంధువులు మన పల్లెల్లో చాలామందికి ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి నేత కుటుంబాలు తరతరాలుగా ఠాణే జిల్లాలోని ఆ మరమగ్గాల ఊరికి చేరాయి. అక్కడి పద్మానగర్‌లో మగ్గాల చప్పుడుతో పాటు తెలుగు మాట వినిపిస్తుంది. మగ్గం పని సాధారణంగా 12 గంటల పాళీ. పొద్దున పాళీ మారే వేళకు తల్లికి పొయ్యి దగ్గర తీరిక చిక్కదు. చాయ్‌తో పాటు క్రీం బిస్కెట్ పొట్లం పిల్లల చేతికొస్తుంది. బడిలో డబ్బా తెరిచినా అదే కనిపిస్తుంది.

ఆ క్రీం పాలమీగడ కాదు. చాలావాటిలో అది చక్కెర, మొక్కల నుంచి తీసిన కొవ్వు, సువాసన కలిపిన ముద్ద. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 100కి 2 పాళ్లు మించరాదని 2022 జనవరి నుంచి మన దేశంలో నియమం ఉంది. అది మేలే. కాని చక్కెర సంగతి మనమే చూసుకోవాలి.

పిల్లలు జంట బిస్కెట్టే కావాలంటే ఇంట్లో చేసిపెట్టవచ్చు. 200 గ్రాముల మైదా, 50 గ్రాముల శనగపిండి, 125 గ్రాముల చక్కెర పొడి, 150 గ్రాముల నెయ్యి తీసుకోండి. ముందు నెయ్యి, చక్కెర తెల్లబడేదాకా గిలకొట్టి, తర్వాత పిండి కలపండి. నీళ్లు పోయవద్దు. చపాతీకి రెండింతల మందంగా ఒత్తి, చిన్న గిన్నె అంచుతో బిళ్లలు కోయండి. సోడా వేయకండి. వేస్తే బిళ్లలు ఉబ్బి, జతగా అతకవు.

ఓవెన్ లేదని వెనుకాడనక్కర లేదు. మందపాటి గిన్నె అడుగున ఇసుక పోసి, మూతపెట్టి 10 నిమిషాలు వేడిచేయండి. లోపల చిన్న స్టాండు పెట్టి, దానిమీద బిళ్లల పళ్లెం ఉంచండి. సన్నని సెగ మీద 20, 25 నిమిషాల్లో అంచులు ఎర్రబడతాయి. వేడిమీద మెత్తగా ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. ముంబయి చుట్టుపక్కల దీపావళికి నాన్‌ఖటాయ్ పిండి ఇంట్లో కలిపి, బేకరీ బట్టీలో కూలి ఇచ్చి కాల్పించుకునే అలవాటు ఉంది. అలాంటి బేకరీ దగ్గరలో ఉంటే అదీ మంచి దారే.

ఇక నడిమి ముద్ద. 100 గ్రాముల నువ్వులు దోరగా వేయించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే 60 గ్రాముల బెల్లంతో దంచండి. నువ్వుల నూనె ఊరి ముద్ద కడుతుంది. పొడిగా ఉంటే ఒక చెంచా నెయ్యి చాలు. పాలు, నీళ్లు తగిలితే బిస్కెట్ మెత్తబడుతుంది, త్వరగా పాడవుతుంది. బిళ్లలు పూర్తిగా చల్లారాకే ముద్ద పెట్టి జతచేయండి. మూత బిగువుగా ఉన్న డబ్బాలో వారం నిలువ ఉంటాయి. కోవా పెడితే మాత్రం ఆ రోజే తినేయాలి.

నువ్వులు, బెల్లం మనకు కొత్త కాదు. మన ఇంట నువ్వుల ముద్దలు, సంక్రాంతికి మరాఠీ ఇంట తిళ్‌గుళ్. నువ్వుల్లో కాల్షియం, ఇనుము దండిగా ఉంటాయి. అయినా ఇది నెయ్యి, తీపి కలిసిన చిరుతిండే. రోజుకు ఒక జత చాలు. పొద్దుటి రొట్టెకు, అటుకులకు ఇది బదులు కాదు.

సెలవురోజున చేసేటప్పుడు నువ్వులు దంచే పని పిల్లలకే అప్పగించండి. తాము తినేదాని నడుమ ఏముందో వారికీ తెలుస్తుంది.