పాత ట్రాలీ కొంటున్నారా? డీజిలా, గ్యాసా అనేది మీ రూటు చెబుతుంది

(స్వయం ఉపాధి కింద సరుకు రవాణా బండి తీసుకుంటున్న లబ్ధిదారుల అవగాహన తరగతిలో, ఇదివరకు అప్పు చేసి పాత బండి కొని నడిపిన ఒక డ్రైవరు చెప్పిన మాటలు ఇవి. తరగతికి రాలేకపోయినవారి కోసం రాసి పంపుతున్నాం. చదివి, బండి చూడటానికి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో దగ్గర ఉంచుకోండి.)



నేను ఆఫీసర్ని కాదు, ఇంజినీర్ని కాదు. మీలాగే అప్పు తీసుకుని బండి కొన్నవాడిని. కొన్న మొదటి బండితో దెబ్బ తిన్నాను, రెండో బండితో నిలబడ్డాను. ఆ దెబ్బ మీకు తగలకూడదనే ఇక్కడ మాట్లాడుతున్నాను.

నా సంగతి ముందు చెబుతాను

2015లో నేను ఒక పాత సీఎన్‌జీ ట్రాలీ కొన్నాను. నా పని మామిడి సీజన్లో నూజివీడు వైపు తోటల నుంచి నున్న మార్కెట్‌కి కాయ తోలడం. మిగతా నెలల్లో కూరగాయలు, సిమెంటు బస్తాలు, ఏది దొరికితే అది. అమ్మినాయన ఒకటే మాట చెప్పాడు: "డీజిల్ బండి అయితే సంపాదించిందంతా బంకుకే పోతుంది, గ్యాస్ అయితే నీకు మిగులుతుంది." నమ్మాను. బండి కూడా బాగానే ఉంది.

తీరా చూస్తే మా ఊరి దరిదాపుల్లో అప్పట్లో గ్యాస్ బంకు లేదు. గ్యాస్ కావాలంటే విజయవాడ టౌన్లోకి పోవాలి. నున్నలో కాయ దించి, ఇంటికి మళ్ళాల్సింది పోయి టౌన్లోకి వెళ్ళి, ఆటోల వెనక లైన్లో నిలబడేవాడిని. సీజన్లో రోజుకి రెండు ట్రిప్పులు పడాలి. నాకు ఒకటే పడేది. తోట రైతు ఎన్నాళ్ళు ఆగుతాడు? వేరే బండి పిలుచుకున్నాడు. మూడు కిస్తీలు తప్పాయి. మా ఇంటావిడ గొలుసు తాకట్టుకి వెళ్ళింది.

చివరికి ఆ బండిని టౌన్లో నీళ్ళ డబ్బాలు వేసే ఒక కుర్రాడికి నష్టానికే అమ్మేశాను. ఆ కుర్రాడు అదే బండి మీద నాలుగేళ్ళు సుఖంగా బతికాడు. బంకు అతని దారిలోనే ఉంది మరి. కాబట్టి బండిది తప్పు కాదు. అది నా రూటుకి పనికొచ్చే బండి కాదు, అంతే. నేను బండిని చూశాను గానీ నా దారిని చూసుకోలేదు.

ఇప్పుడు గ్యాస్ బంకులు చాలా ఊళ్ళకి వచ్చాయి. అప్పుడు నాకు కుదరనిది ఇవాళ మీకు కుదరవచ్చు. అందుకే "డీజిల్ మంచిది", "గ్యాస్ మంచిది" అని ఎవరు చెప్పినా వినొద్దు. మీ లెక్క మీరు వేసుకోండి.

లెక్క ఇలా వేయండి

ఇక్కడ చెప్పే రేట్లు, మైలేజీలు లెక్క తెలియడానికి మాత్రమే. మీ ఊరి బంకు రేటు, మీరు చూసే బండి మైలేజీ వేసి మళ్ళీ చేసుకోండి. ఒక్క సంగతి మరవద్దు. డీజిల్ లీటర్లలో అమ్ముతారు, సీఎన్‌జీ కిలోల్లో అమ్ముతారు. బంకు దగ్గర బోర్డు మీద రెండు రేట్లు పక్కపక్కన చూసి పోల్చితే లెక్క తప్పుతుంది. కిలోమీటరుకి ఎంత పడుతుందో చూడాలి.

డీజిల్ లీటరు 96 రూపాయలు, బండి 16 కిలోమీటర్లు ఇస్తుంది అనుకోండి. కిలోమీటరుకి 6 రూపాయలు.

గ్యాస్ కిలో 90 రూపాయలు, బండి 18 కిలోమీటర్లు ఇస్తుంది అనుకోండి. కిలోమీటరుకి 5 రూపాయలు.

అంటే గ్యాస్ మీద కిలోమీటరుకి ఒక రూపాయి మిగులు. రోజుకి 60 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు తిరిగితే 1,500 కిలోమీటర్లు. నెలకి 1,500 రూపాయలు మిగిలినట్టే.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. గ్యాస్ బంకు మీ దారిలో లేదు, 12 కిలోమీటర్లు పక్కకి పోవాలి. పోనూ రానూ 24. సిలిండర్లో పట్టేది తక్కువ కాబట్టి రెండు రోజులకోసారి వెళ్ళాలి. నెలకి 12 సార్లు వెళ్తే 288 కిలోమీటర్లు ఖాళీ బండి తిప్పినట్టు. దానికి 1,440 రూపాయల గ్యాస్. మిగిలిందెంత? 60 రూపాయలు! లైన్లో నిలబడ్డ గంటలు, పోయిన ట్రిప్పులు ఇంకా ఇందులో లెక్కేయలేదు.

అదే బంకు మీ దారిలో ఉంటే ఆ 1,500 మొత్తం మీదే. రోజుకి 100 కిలోమీటర్లు తిరిగేవారికి 2,500.

ఇంకో లెక్క. రెండు బళ్ళ ధరలో తేడా ఉంటుంది. గ్యాస్ బండి 45,000 ఎక్కువ చెబుతున్నారనుకోండి. నెలకి 1,500 మిగులుతుంటే ఆ తేడా తీరడానికి 30 నెలలు పడుతుంది. అన్నాళ్ళు ఆ పాత బండి పెద్ద రిపేరు రాకుండా నడుస్తుందా? ఈ ప్రశ్న మీకు మీరే వేసుకోండి.

పెట్రోలు ట్రాలీలు కూడా అమ్మకానికి వస్తున్నాయి. కిలోమీటరు ఖర్చు డీజిల్ కంటే ఎక్కువే. కానీ ఊళ్ళోనే రోజుకి 25, 30 కిలోమీటర్లు తిరిగే చిన్న వ్యాపారమైతే ఆ తేడా నెలకి పెద్దగా కనపడదు. ఇంజిన్ పని కూడా సులువు. దాన్ని చూడగానే కొట్టిపారేయకండి.

ఏ పనికి ఏ ఇంజిన్

డీజిల్ ఇంజిన్లో ప్లగ్గుతో నిప్పురవ్వ పుట్టించే పని ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ మండుతుంది. అందుకే దాని భాగాలు బరువుగా, గట్టిగా ఉంటాయి. తక్కువ స్పీడులో కూడా లోడు లాగుతుంది. ఇటుక, ఇసుక, ధాన్యం బస్తాలు వేసేవారికి, పాడేరు, అరకు లాంటి ఘాట్ రోడ్లు ఎక్కేవారికి, పల్లె నుంచి పల్లెకి దూరం తిరిగేవారికి డీజిల్ నప్పుతుంది. బంకు ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఇంజెక్టర్లు, పంపు పాడైతే ఖర్చు గట్టిగా తగులుతుంది.

గ్యాస్ ఇంజిన్ అంటే దాదాపు పెట్రోలు ఇంజిన్ లాంటిదే, ప్లగ్గుతో మండుతుంది. సిలిండర్లోకి వెళ్ళే గ్యాస్ కొంత గాలి చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లాగుడు కొంచెం తగ్గుతుంది. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పైగా సిలిండర్ బరువు కూడా బండే మోయాలి. పాల ప్యాకెట్లు, నీళ్ళ డబ్బాలు, కిరాణా సరుకు, పార్శిళ్ళు ఇలా టౌన్లో తిరిగే పనికి ఇది బాగుంటుంది. శబ్దం తక్కువ, పొగ తక్కువ.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త బళ్ళకి బీఎస్-6 నిబంధన వచ్చింది. ఆ తర్వాతి డీజిల్ బళ్ళలో కొన్ని మోడళ్ళకి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు ఆగకుండా పరిగెడితేనే ఆ మసి కాలిపోతుంది. రెండు కిలోమీటర్లు పోయి ఆపి, మళ్ళీ రెండు కిలోమీటర్లు పోయే పనికి అలాంటి బండి తీసుకుంటే ఫిల్టర్ మూసుకుపోతుంది. డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతూనే ఉంటుంది, షెడ్డు చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

డీజిల్ బండి చూసేటప్పుడు

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి. "మీరొస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచాను" అంటే, "చల్లారాక మళ్ళీ వస్తాను" అని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఒకటి రెండు సెల్ఫులకి అందుకోవాలి.

పొగ రంగు చూడండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ ఆగకుండా వస్తే ఇంజెక్టరో, ఎయిర్ ఫిల్టరో తేడా. వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుంటే డీజిల్ సరిగ్గా మండట్లేదు, లేదంటే నీళ్ళు లోపలికి పోతున్నాయి.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీయించండి. అక్కడి నుంచి పొగ బుసబుసా కొడితే ఇంజిన్ బోరుకి వచ్చినట్టే. ఇక బేరం ఆడకుండా వెనక్కి రండి.

గ్యాస్ బండి చూసేటప్పుడు

మొదట సిలిండర్ చూడండి, తర్వాతే ఇంజిన్. సీఎన్‌జీని సుమారు 200 బార్ ఒత్తిడిలో నింపుతారు. అది ఆషామాషీ ఒత్తిడి కాదు. అందుకే మూడేళ్ళకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ చేయించాలి. ఆ తేదీ ఉన్న ప్లేటు, సర్టిఫికెట్ రెండూ చూపించమనండి. గడువు దాటితే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. సిలిండర్ మీద తుప్పు, సొట్ట, వెల్డింగ్ మచ్చ ఉంటే ఎంత చవకైనా వద్దు.

పైపుల అతుకుల దగ్గర సబ్బు నీళ్ళు రాయించండి. బుడగలు వస్తే లీకు. అగ్గిపుల్ల, లైటరు దగ్గరికి తేవద్దు.

గ్యాస్ కంపెనీ నుంచే వచ్చిందా, తర్వాత పెట్టించారా? ఇది చాలా ముఖ్యం. తర్వాత పెట్టిన కిట్ ఆమోదం ఉన్నదై ఉండాలి, ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. ఆర్‌సీలో ఇంధనం "పెట్రోల్" అని ఉండి కింద గ్యాస్ సిలిండర్ ఉంటే ఆ బండి వద్దు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. ఇంట్లో వంట సిలిండర్ బండికి పెట్టి నడపడం నేరం, ప్రాణానికీ ముప్పు.

అడ్వాన్స్ ఇచ్చేముందు కాగితాలు

ఒకటి: మీ మంజూరు పత్రం మళ్ళీ చదవండి. పాత బండికి అనుమతి ఉందా, ఎన్నేళ్ళ బండి వరకు ఒప్పుకుంటారు, ఏ ఇంధనం అని రాశారు, ఇవన్నీ చూడండి. కొన్ని పథకాల్లో కొత్త బండికే సబ్సిడీ ఉంటుంది. అడ్వాన్స్ ఇచ్చాక తెలిస్తే ఆ డబ్బు తిరిగి రాదు.

రెండు: ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇంధనం, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు, చలాన్లు చూడండి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ఖర్చు మీ లెక్కలో వేసుకోండి.

మూడు: బండి మీద ఫైనాన్స్ ఉంటే, అది తీరినట్టు ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకి ఫారం 29, 30. ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదకి మార్పించుకోండి.

నాలుగు: మీకు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి. అమ్మేవాడు పిలిచిన మెకానిక్ మాట లెక్కలోకి తీసుకోవద్దు. వీలైతే మీరు రోజూ వేసేంత లోడు వేసి, మీరు రోజూ తిరిగే దారిలో ఒకసారి నడిపి చూడండి.

చివరిగా ఒక మాట

ఇవాళ ఇంటికి వెళ్ళాక ఒక కాగితం తీసుకోండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఎంత బరువు వేస్తారు, దారిలో ఏ బంకులు ఉన్నాయి, దగ్గర్లో ఏ ఇంజిన్ చేసే మెకానిక్ ఉన్నాడు, ఈ నాలుగూ రాయండి. ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. కిస్తీ తప్పితే ఆ భారం వాళ్ళ మీదా పడుతుంది కదా. ఆ కాగితం చూస్తే డీజిలా, గ్యాసా అనేది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

నేను 2015లో ఆ కాగితం రాసుకోలేదు. ఆ గొలుసు విడిపించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మీరు రాసుకోండి.