పని అప్పగిద్దాం, పట్టా అప్పగించవద్దు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి ఈ వేదిక మీద పాటలు, కోలాటాలు చక్కగా సాగాయి. వాటి నడుమ ఈ వ్యాపారపు మాటలేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యవర్గంవారు మాకిచ్చిన విషయం ఇది: మన కుటుంబాలలో సేవావ్యాపారం నడుపుకునేవారు వెబ్‌సైటు ప్రారంభించదలచినప్పుడు, దాని సాంకేతికపు ఏర్పాటు ఇంట్లోనే చేసుకోవాలా, బయటివారికి అప్పగించాలా? మేము కొందరము సైబర్‌జయలో ఇటువంటి పనులతోనే జీవనం సాగిస్తున్నవాళ్లము. బయటివారికి ఇవ్వండి అంటే మా లాభం చూసుకున్నట్లు. వద్దంటే మా పొట్ట మేమే కొట్టుకున్నట్లు. అందుచేత ఏ పక్షమూ పట్టకుండా, మాకు తెలిసినంతవరకు మనవి చేస్తాము.

సైబర్‌జయ అనగానే అద్దాల మేడలు గుర్తుకు వస్తాయి. ఆ నగరాన్ని 1997 మే 17న అప్పటి ప్రధానమంత్రి డాక్టర్ మహతీర్ మొహమ్మద్ ప్రారంభించారు. అంతకు ముందు ఆ ప్రాంతమంతా తోటలే. పక్కనే పుత్రజయ వెలసిన చోట 1921లో స్థాపించిన ప్రాంగ్ బెసార్ రబ్బరు తోట ఉండేది. అటువంటి తోటలలో పనికే మన తాతముత్తాతలు విశాఖ, శ్రీకాకుళం, గోదావరి సీమల నుంచి ఓడలెక్కి వచ్చారు. తరువాతి రోజులలో ఆ నేల మీద హెచ్‌ఎస్‌బీసీ, డీహెచ్‌ఎల్ వంటి పెద్ద సంస్థలు ఎక్కడెక్కడి దేశాల కంప్యూటరు పనో జరిపించే కేంద్రాలు పెట్టాయి. అంటే సైబర్‌జయ పుట్టినప్పటి నుంచీ ఒకరి పని మరొకరు చేసిపెట్టే ఊరు. పని అప్పగించడం అక్కడ నామోషీ కాదు, అదే బతుకుతెరువు. అయితే పెద్ద సంస్థలు పని అప్పగించేటప్పుడు ఏది ఇవ్వాలో, ఏది తమ వద్దే ఉంచుకోవాలో ముందుగా కాగితం మీద పెడతాయి. మనబోటి చిన్నవాళ్లం నోటిమాటతో ఇచ్చేస్తాం. చిక్కంతా అక్కడ వస్తున్నది.

ముందుగా ఆ పని ఏమిటో చూద్దాం. పెళ్లిళ్లకు వంటలు చేసి పంపే కుటుంబం ఒకటి ఉన్నదనుకుందాం. దుకాణంలోనైతే సరుకు కంటికి కనబడుతుంది. సేవకు మాట తప్ప కనబడేది లేదు. అందుకే వెబ్‌సైటు వారికి వాకిలి వంటిది. ఆ వాకిలి తెరవాలంటే మొదట డొమైన్ పేరు కావాలి; అది చిరునామా. తరువాత హోస్టింగు కావాలి. అది అద్దె గది. ఆ చిరునామాకు వచ్చినవారిని ఆ గదికి చేర్చే దారి రికార్డులు సరిచేయాలి. బ్రౌజరులో “సురక్షితం కాదు” అన్న హెచ్చరిక రాకుండా భద్రతా పత్రం పెట్టాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరి నుంచి ఈ పత్రాలను ఉచితంగానే ఇస్తున్నది. కాని వాటి గడువు మూడు నెలలకు మించదు. దానంతటదే కొత్తది తెచ్చుకునే ఏర్పాటు మొదటి రోజే చేయకపోతే, నాలుగో నెలలో వాకిలి ముందు హెచ్చరిక పలక వేలాడుతుంది.

ఆపైన ఉత్తరాల సంగతి. వ్యాపారం పేరుతో ఈమెయిలు పెట్టుకుంటే, ఆ ఉత్తరం నిజంగా మీరే పంపారని చాటే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రికార్డులు చేర్చాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు ఈ విషయంలో నిబంధనలు కఠినం చేశాయి. అవి లేకపోతే మీరు పంపిన ధరల పట్టిక పెళ్లివారికి చేరకుండా చెత్తబుట్టలో పడవచ్చు. మీరేమో వారికి మన ధర నచ్చలేదనుకుంటారు. ఇక తయారీ కాలంలో గూగుల్ వంటి వెదికే యంత్రాలను లోపలికి రానీయకుండా వేసిన గడియ ఒకటి ఉంటుంది. ప్రారంభం నాడు అది తీయడం మరచిపోతే సైటు ఉండీ లేనట్లే. చివరిగా, మొత్తం సైటుకు నకలు తీసి వేరొకచోట భద్రపరచాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏదీ లేదు. అయితే ఒక్కటి తప్పినా, తప్పిన సంగతి చాలా రోజులవరకు ఎవరికీ తెలియదు. అదీ ఇందులోని కష్టం.

మరి ఎవరు చేయాలి? మా అనుభవంలో మూడు ప్రశ్నలు వేసుకుంటే జవాబు దొరుకుతుంది.

మొదటిది: ఇది ఒక్కసారి చేసే పనా, మళ్లీ మళ్లీ వచ్చే పనా? ఫోటోలు మార్చడం, ధరలు దిద్దడం, పండుగ సెలవులు ప్రకటించడం ఎప్పుడూ ఉండేవి. వాటిని ఇంట్లోవారు నేర్చుకోవడమే మేలు. ప్రతి చిన్న మార్పుకూ మరొకరికి ఫోను చేసి ఎదురుచూడడం పక్కింటి బావి మీద ఆధారపడినట్లు.

రెండవది: తప్పు జరిగితే దిద్దుకోగలమా? రంగు బాగోలేకపోతే రేపు మార్చుకోవచ్చు. ఇరవై ఏళ్ల నుంచి వాడుతున్న ఈమెయిలును కొత్తచోటికి తరలించేటప్పుడు పాత ఉత్తరాలు పోతే తిరిగి రావు. పాత సైటు పేజీలను కొత్త చిరునామాలకు మళ్లించకపోతే, గూగులులో ఏళ్ల తరబడి సంపాదించిన స్థానం పోతుంది. డబ్బు చెల్లింపులు, ముందస్తు బుకింగులు పెట్టదలచినా అంతే. దిద్దుకోలేని పని తెలిసినవారికే ఇవ్వాలి.

మూడవది: ఈ పని మీద కూర్చుంటే మన వృత్తి ఆగిపోతుందా? ముహూర్తాల నెలలో వంటలవారు పొయ్యి వదలి కంప్యూటరు ముందు కూర్చుంటే మిగిలేదేమిటి? అదే, ఒక్క పేజీ, ఫోను నంబరు, నాలుగు ఫోటోలు చాలుననుకునే ట్యూషను మాస్టారు తయారుగా దొరికే సైటు సాధనాలతో రెండు శని ఆదివారాలలో తానే పెట్టుకోగలడు. ఆయన మాకు డబ్బివ్వనక్కరలేదు.

కనుక ఇంట్లోనా బయటా అన్నది ఇంటింటికీ మారుతుంది. కాని ఇంటింటికీ మారనిది ఒకటి ఉన్నది. అది చెప్పడానికే ఈ ప్రసంగం. పెళ్లికి పురోహితుణ్ణి పిలుస్తాం, వంటవారిని పిలుస్తాం, మేళగాళ్లను పిలుస్తాం. తాళి మాత్రం పెళ్లికొడుకే కట్టాలి. అలాగే సైటు పని ఎవరు చేసినా, డొమైన్ పేరు మీ పేరున ఉండాలి.

మేము చూసిన సంగతి ఒకటి. ఏసీలు బాగుచేసే మన కుటుంబమొకటి సైటు పనంతా ఒక చిన్న కంపెనీకి ఇచ్చింది. పని బాగానే జరిగింది. డొమైన్ మాత్రం ఆ కంపెనీ తన పేరున, తన ఈమెయిలుతో తీసుకున్నది. ఎవరూ మోసం చేయదలచలేదు. వారికది సులువు, అంతే. కొన్నేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. గడువు తీరుతున్నదన్న హెచ్చరికలు ఎవరూ చూడని పెట్టెకు వెళ్లాయి. వ్యాను మీద, బిల్లు పుస్తకాల మీద, యూనిఫారాల మీద అచ్చువేసుకున్న చిరునామా ఒకనాడు చేజారిపోయింది. కొత్త సైటు వారం రోజులలో తయారైంది గాని, పాత ఖాతాదారులు పాత చిరునామాకే ఉత్తరాలు రాస్తూ వచ్చారు. ఆ ఉత్తరాలకు జవాబిచ్చేవారు లేరు.

ఇది చిన్నవారికే జరిగేది కాదు. 1999 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ వేళ, మైక్రోసాఫ్ట్ సంస్థ పాస్‌పోర్ట్ డాట్ కామ్ అన్న పేరుకు 35 డాలర్ల రుసుము కట్టడం మరచింది. హాట్‌మెయిల్ వాడేవారెందరికో వాకిలి మూసుకుపోయింది. ఆ సంస్థతో సంబంధం లేని ఒక ప్రోగ్రామరు తన జేబులోంచి ఆ రుసుము కట్టి పుణ్యం కట్టుకున్నాడు. మనకు అటువంటి పుణ్యాత్ముడు దొరుకుతాడని నమ్మకం లేదు. గడువు తీరి తొలగించిన డాట్ కామ్ పేరును విడిపించుకోవడానికి పాత యజమానికి 30 రోజులుంటాయి. ఆపైన ఐదు రోజులకు అది అంగట్లోకి వస్తుంది; ఎవరైనా కొనుక్కోవచ్చు.

మన దేశపు డాట్ ఎంవై పేర్ల నమోదు మైనిక్ సంస్థ చూస్తుంది. డాట్ కామ్ డాట్ ఎంవై పేరు మలేషియాలో నమోదైన వ్యాపారాలకే ఇస్తారు. కనుక మీ ఎస్‌ఎస్‌ఎం నమోదు పత్రంలో ఏ పేరున్నదో ఆ పేరుతోనే తీసుకోండి. నమోదు వివరాలలో యజమాని గడి వేరు, సాంకేతిక వ్యవహారాలకు సంప్రదించవలసినవారి గడి వేరు. పని చేసేవారి పేరు ఆ రెండవ గడిలో ఉండవచ్చు. మొదటి గడిలో మీరుండాలి. ఏటా కట్టే రుసుము కుటుంబమంతా ఒక పూట బయట భోజనం చేసిన ఖర్చు దగ్గరలోనే ఉంటుంది. అది మీ కార్డు మీదనే కట్టండి.

ఇక్కడ మనవాళ్లలో ఒక మాట వినిపిస్తుంది: “బయటివారెందుకు, మా మేనల్లుడున్నాడు. కంప్యూటరు చదివాడు, వాడే చేసిపెడతాడు, మనవాడే కదా!” మంచిదే. కాని మేనల్లుడికి ఇచ్చినా అది అప్పగింతే. రేపు వాడికి సింగపూరులో ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, ఫోను మారుతుంది. రహస్యపదాలన్నీ వాడి ఫోనులోనే ఉంటే, మీ వ్యాపారం కూడా వాడితో విమానమెక్కినట్లే. అడిగితే బంధుత్వం చెడుతుందని మొగమాటపడతాము. అసలు బంధుత్వం నిలవాలనే ముందుగా కాగితం రాసుకోవాలి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల!

ఆ కాగితంలో ఏముండాలి? ఏ ఏ పనులు, ఏ తేదీకి, ఎంత సొమ్ముకు. డొమైను, హోస్టింగు, ఈమెయిలు, గూగుల్ ఖాతాలు అన్నీ మీ ఈమెయిలుతో తెరవాలని. పనివారికి వేరే ప్రవేశం ఇచ్చి, పని ముగిశాక తీసివేస్తామని. సొమ్ము మూడు వాయిదాలలో: మొదలుపెట్టినప్పుడు కొంత, సైటు తెరిచినప్పుడు కొంత, నెల రోజులు సవ్యంగా నడిచాక మిగిలినది. చివరి వాయిదా ఇచ్చే ముందు మీరే పరీక్షించండి. వేరొకరి ఫోను నుంచి విచారణ పత్రం నింపి పంపితే మీకు చేరిందా? మీరిచ్చిన జవాబు వారికి చేరిందా? గూగులులో మీ పేరు వెదికితే కనబడుతున్నదా? భద్రపరచిన నకలు నుంచి సైటును తిరిగి నిలబెట్టి చూపించగలరా? ఈ నాలుగింటికీ కంప్యూటరు చదువు అవసరం లేదు. కళ్లు, ఓపిక చాలు.

చట్టం సంగతి కూడా ఒక మాట. మీ సైటులో పేరు, ఫోను నంబరు అడిగారంటే మీరు ఇతరుల సమాచారం దాచుకుంటున్నారన్నమాట. మన దేశపు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2010 నాటిది. 2013 నవంబరు 15 నుంచి అమలులో ఉన్నది. ఆ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే నోటీసు మలయ్ భాషలోను, ఇంగ్లీషులోను కూడా ఇవ్వాలి. 2024 సవరణల దరిమిలా, 2025 జూన్ 1 నుంచి సమాచారం బయటకు పొక్కితే కమిషనరుకు తెలియజేయవలసిన బాధ్యత కూడా వచ్చింది. పని చేసిపెట్టినవారికి వారి బాధ్యత వారికున్నది. “అంతా వాళ్లే చూసుకున్నారండీ” అన్నంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు.

సోదర సోదరీమణులారా, పట్టా, పట్టా అని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నామో చెప్పి ముగిస్తాము. మలయాలో ఒప్పంద కూలీ పద్ధతి 1910లో రద్దయింది. కంగాణీల ద్వారా కూలీల రాక 1938లో ఆగింది. ఆ కాలాలలో వచ్చిన మన పెద్దలెందరో తాము చదవలేని కాగితం మీద వేలిముద్ర వేశారు. తమ అప్పు ఎంతో, జమ ఎంతో మరొకరి పుస్తకంలో ఉండేది. వారు కష్టానికి వెనుదీయలేదు. లెక్క మాత్రం వారి చేతిలో లేదు. అందుకే కడుపు కట్టుకుని పిల్లలను బడికి పంపారు. ఆ బడిచదువు వల్లనే మనం నేడు సొంత వ్యాపారాలు పెట్టుకున్నాము. అంత చదివి కూడా, తెర మీద “అంగీకరిస్తున్నాను” అన్న గడిని చదవకుండా నొక్కితే, అది కూడా వేలిముద్రే.

పని తెలిసినవారికి ఇవ్వండి, తగిన కూలి ఇవ్వండి, సకాలంలో ఇవ్వండి. మేమూ ఆ కూలి మీద బతికేవాళ్లమే. కాని పేరు మీది, పట్టా మీది, తాళంచెవి మీది. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక, ఇప్పటికే సైటు ఉన్నవారు ఒక్క పని చేయండి: మీ డొమైన్ ఎవరి పేరున ఉన్నదో, దాని గడువు ఎప్పుడు తీరుతుందో అడిగి తెలుసుకుని, ఇంటి పత్రాలు దాచుకునే చోటనే ఆ కాగితం కూడా దాచండి.