లేక్ వ్యూ ఫ్లాట్ కొంటున్నారా? ముందు అలుగు ఎటుందో అడగండి

హైదరాబాద్‌లో చెరువు పక్కన ఇల్లు కొనేవాళ్లు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి.

ముందు ఒక మాట. ఎండాకాలంలో మీకు కనిపించే నీళ్లే చెరువు కాదు. నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. దాని లోపల ఇల్లు కట్టకూడదు. బయట మళ్లీ బఫర్ ఉంటుంది. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు. చిన్న కుంటైతే 9 మీటర్లు. ఏప్రిల్‌లో సైట్‌కి తీసుకెళ్తే ఇవేవీ కనపడవు. గడ్డి, నాలుగు గేదెలు, అంతే! బ్రోకర్లు ఎండాకాలంలోనే ఎందుకు తొందరపెడతారో నాకైతే అర్థమైంది.

"రిజిస్ట్రేషన్ అవుతోంది కదన్నా, బ్యాంకు లోన్ కూడా ఇస్తోంది" అన్నాడు మొన్న మా బాబాయి కొడుకు. ఒరేయ్, రిజిస్ట్రేషన్ అంటే అమ్మకం నమోదైందని, అంతవరకే. ఈసీలో ఎవరు ఎవరికి అమ్మారో ఉంటుంది, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఉండదు. బిల్డింగ్ పోయినా 20 ఏళ్ల ఈఎంఐ ఆగదు, అది కట్టాల్సింది నువ్వే అన్నాను.

"పట్టా భూమే" అంటారు ఇంకొందరు. అబద్ధం కాకపోవచ్చు. శిఖం పట్టా అని ఒకటుంది. నీళ్లు తగ్గాక సాగు చేసుకోవడానికే అది, ఇల్లు కట్టడానికి కాదు. అందుకే పాత పహాణీలు తీయించండి, ముఖ్యంగా 1954-55 ఖాస్రా పహాణీ. అందులో "శిఖం" అని కనపడిందా, టోకెన్ అడ్వాన్స్ జేబులోనే పెట్టుకుని వచ్చేయండి.

హెచ్‌ఎండీఏ వాళ్ల లేక్స్ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులు ఉంటాయి. నోటిఫికేషన్ ఫైనల్ అయిందా, ప్రిలిమినరీ దగ్గరే ఉందా చూడండి. ప్రిలిమినరీ అయితే గీత మారొచ్చు. ఇదంతా పేపర్ల మీదే ఉంటుందిలే అనుకోకండి. 2024 జులైలో హైడ్రా వచ్చింది, ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్‌నే కూల్చేశారు.

"మాది కట్టకి అవతల, దిగువన" అని ధీమాగా ఉండకండి. అక్కడ ఎఫ్‌టీఎల్ గొడవ లేకపోవచ్చు, వరద ఉంటుంది. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, కింద పాతబస్తీ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి.

అందుకే సైట్‌కి వెళ్లినప్పుడు మోడల్ ఫ్లాట్‌తో సెల్ఫీ తర్వాత దిగండి. ముందు ఆ ఊళ్లో ఓ పెద్దాయన్ని పట్టుకుని, "తాతా, చెరువు నిండితే అలుగు నీళ్లు ఎటు పోయేవి?" అని అడగండి. ఆయన చెయ్యి మీ ఫ్లాట్ వైపు చూపిస్తే, బ్రోకర్‌ని కూడా పిలిచి ఆ మాట వినిపించండి.