దొంగనోటు మార్చిన చేతికి ద్వీపాంతరవాసం

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల మహిళా కార్యకర్తలు పెనుకొండలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు, నేరం, శిక్ష అన్న విషయం మీద మాట్లాడమని అడిగారు. ముందు నాకెదురైన ఒక సంఘటన చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక బ్యాంకులో డబ్బు కట్టడానికి వెళ్లాను. నేనిచ్చిన వాటిలో ఒక ఐదువందల నోటు దొంగనోటని తేలింది. కౌంటరులో ఉన్నాయన "ఇలాంటివి వస్తుంటాయి మేడమ్" అని దాన్ని పక్కన పెట్టాడు. నా వెనక నిలబడ్డ ఒక మగ్గం కార్మికురాలి డబ్బులోనూ అలాంటి నోటే వచ్చింది. ఆమెను మాత్రం "ఇదెక్కడిది? ఎవరిచ్చారు? పోలీసుల్ని పిలవమంటావా?" అని గద్దించాడు. "నాకేం తెల్సు సార్, కూలీలో వచ్చిన దుడ్డు" అంటూ ఆమె వణికిపోయింది. నన్ను నా చదువూ, మాటతీరూ కాపాడాయి. ఆమెకు అవేవీ లేవు. ఆ రోజు నేను నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఇవాళ్టికీ ఉంది.

దొంగనోటు మార్చిన నేరానికి సముద్రాలు దాటించిన స్కాట్లండ్, ఇంగ్లండ్ స్త్రీల చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఆమె ముఖమే గుర్తొచ్చింది.

1797లో ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతుండగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన నోట్లకు బదులు బంగారం ఇవ్వడం ఆపేసి, ఒకటి, రెండు పౌండ్ల నోట్లు విడుదల చేసింది. అంతవరకూ వ్యాపారుల, ధనికుల మధ్య తిరిగిన కాగితం పేదల చేతికి వచ్చింది. దానికి నకలు తీయడం తేలిక. అక్షరం రానివాళ్లకు అసలేదో నకిలీ ఏదో తెలిసే మార్గం లేదు. స్కాట్లండులో ఐతే పౌండు నోటు అంతకు ముందు నుంచే జనం రోజువారీ డబ్బు. 1826లో ప్రభుత్వం చిన్న నోట్లను రద్దు చేయబోతే రచయిత వాల్టర్ స్కాట్ మొదలుకొని అందరూ ఎదిరించి నిలుపుకున్నారు. ఎడింబరో కోటలో ఉంచిన యుద్ధఖైదీలు సైతం దొంగనోట్లు తయారుచేసేవారు.

ఈ వ్యాపారంలో శ్రమ విభజనను గమనించండి. అచ్చు చెక్కేదీ, ముద్రించేదీ, టోకున అమ్మేదీ ఎక్కువగా మగవాళ్లు. వాటిని అంగళ్లలో మార్చేవాళ్లలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఇందుకు కారణం స్త్రీ స్వభావం కాదు. ఇంటికి కావలసిన సరుకులు కొనేది స్త్రీ. నోటిచ్చి కాస్త సరుకు కొంటే మిగిలిన నిజమైన చిల్లరే లాభం. ఆ లాభంలో ఆమెకు దక్కేది కొంచెం. పట్టుబడేది మాత్రం ఆమే. చట్టానికి అచ్చుయంత్రం దొరకలేదు, నోటు చాచిన చేయి దొరికింది.

ఇంగ్లండులో 1797 నుంచి 1821 వరకు నోట్ల ఫోర్జరీ నేరాల కింద 300 మందికి పైగా ఉరితీశారు. 1818లో హారియట్ స్కెల్టన్ అనే స్త్రీని ఉరి తీయవద్దని జైళ్ల సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై ప్రాధేయపడినా ఫలితం లేకపోయింది. 1819లో క్రూక్‌షాంక్ అనే చిత్రకారుడు బ్యాంకు నోటు రూపంలోనే, దాని మీద ఉరికి వేలాడే మనుషుల్ని గీసి అచ్చువేయించాడు. ఉరి తప్పినవాళ్లకు ద్వీపాంతరవాసం. 1801 చట్టం ప్రకారం దొంగనోటు దగ్గర ఉంచుకున్నా 14 ఏళ్లు. తమను జైల్లో వేయించిన బ్యాంకుకే ఆ స్త్రీలు సాయం కోసం ఉత్తరాలు రాసుకోవలసి వచ్చింది.

స్కాట్లండ్ ఖైదీలను ముందు లండన్ దగ్గరి రేవుకు తెచ్చి, అక్కడ ఓడ ఎక్కించేవారు. తర్వాత ఆస్ట్రేలియా వరకు నాలుగైదు నెలల ప్రయాణం. 1788 నుంచి 1868 వరకు అక్కడికి పంపిన లక్షా అరవై వేల మందికి పైగా ఖైదీల్లో స్త్రీలు సుమారు 25,000. వాళ్లను ఉంచిన చోటుకు 'స్త్రీల ఫ్యాక్టరీ' అని పేరు. పారమట్టాలో 1821లో, హోబర్టులో 1828లో ఇలాంటివి వెలిశాయి. ఊలు వడకడం, బట్టలుతకడం పని. వాళ్ల చేత నేయించిన ముతక గుడ్డకు పారమట్టా పేరే వచ్చింది. నేసిన చేతులు ఎవరివో ఆ పేరులో లేదు. పెళ్లాం కావలసిన మగవాళ్లు వచ్చి వరసలో నిలబెట్టిన స్త్రీలలో ఒకరిని ఎంచుకునేవారు. శిక్షాకాలం ముగిసిన మగవాడు ఓడలో పనిచేస్తూనైనా తిరిగి రాగలడు. స్త్రీకి ఆ దారి లేదు. కాగితం మీది ఏడేళ్లు ఆమె విషయంలో జీవితకాలమయ్యేవి.

ఇదంతా మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. 1858 నుంచి మన దేశపు ఖైదీలను అండమానుకు పంపారు. అందులో స్త్రీలూ ఉన్నారు. అక్కడా మగ ఖైదీలకు భార్యలుగా వాళ్లను పెళ్లిళ్లు చేసుకోనిచ్చారు. రెండు చోట్లా రాజ్యం స్త్రీని చూసింది శ్రమగానూ, గర్భంగానూ. 1899లో భారత శిక్షాస్మృతిలో 489ఎ మొదలు 489డి దాకా సెక్షన్లు చేర్చి, దొంగనోటు మార్చినవారికి యావజ్జీవ ద్వీపాంతరవాసం రాశారు. 1956 జనవరి నుంచి ఆ మాట పోయి 'యావజ్జీవ కారాగారం' వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 179, 180 సెక్షన్లుగా కొనసాగుతోంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. హిందూపురంలో చింతపండు గింజలు తీసే ఆడవాళ్లకూ, పట్టుగూళ్లు అమ్ముకునే వాళ్లకూ, ధర్మవరంలో మగ్గం మీద బతికే ఇళ్లకూ డబ్బు నోట్లుగానే వస్తుంది. చీటీ ఉండదు. 179 కింద శిక్ష పడాలంటే నోటు నకిలీదని ఆమెకు తెలుసనో, తెలియడానికి కారణం ఉందనో రుజువు కావాలి. వంద రూపాయల దొంగనోటుతో మామిడిపళ్లు కొనబోయిన ఒక విద్యార్థిని 2001లో సుప్రీంకోర్టు ఈ కారణం మీదే విడుదల చేసింది. నోటు చట్టబద్ధంగా వచ్చిందని చూపగలిగితే, దగ్గర ఉంచుకోవడం నేరం కాదని 180వ సెక్షన్ వివరణ అంటుంది. కానీ కూలి చీటీ లేని స్త్రీ ఏం చూపగలదు? మాస్టర్ వీవరు, మండీ యజమాని కూలికి చీటీ ఇవ్వాలన్న మన పాత డిమాండు వేతన హక్కు మాత్రమే కాదు, ఆత్మరక్షణ కూడా.

ఇంకో కష్టమైన మాట ఉంది. తెలియక తీసుకున్న స్త్రీ, దొంగనోటని తెలిశాక నష్టం భరించలేక, మసక చీకట్లో ఇంకొకరికి అంటగడుతుంది. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో ఆమె నేరస్థురాలు. తీసుకున్నామె కూడా మనలాంటిదే. అందుకే దొంగనోటు వచ్చిన సభ్యురాలి నష్టాన్ని పొదుపు సంఘం పంచుకోవాలని నా ప్రతిపాదన. ఐదువందలు ఒకరికి రోజు కూలి కంటే ఎక్కువ. పదిమందికి తలా యాభై.

బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధనలు గుర్తుంచుకోండి. దొంగనోటుకు డబ్బివ్వరు, నోటు తిరిగివ్వరు. కానీ ముద్ర వేసి, రసీదు తప్పనిసరిగా ఇవ్వాలి. ఒకేసారి నాలుగు నోట్ల వరకు ఐతే బ్యాంకు నెలకొకసారి పోలీసులకు కలిపి నివేదిక పంపుతుంది. ఐదు, అంతకు మించితేనే కేసు పెట్టిస్తుంది. ఒకవేళ కేసు వస్తే, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా స్త్రీని అరెస్టు చేయరాదు. ప్రత్యేక పరిస్థితిలో చేయాలన్నా మహిళా పోలీసు అధికారీ, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతీ ఉండాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం 1987 చట్టమిచ్చిన హక్కు.

ఓడలు పోయాయి. కానీ హిందూపురం స్త్రీని 200 కిలోమీటర్ల అవతల కడప మహిళా జైల్లో పెడితే, బస్సు ఛార్జీ లేని పిల్లలకు అది ద్వీపం కాక మరేమిటి?

మళ్లీ అలాంటి వరసలో నిలబడితే ఏం చేయాలో ఇప్పుడు నాకు తెలుసు. ఆమె పక్కన నిలబడి, "ఆమెకూ నాకూ రసీదు రాసివ్వండి" అంటాను. మీరూ అనండి.