డకోటా విమానము

కె.గంగవరపు శ్రోతలకు పడవ లెక్క తెలిసినదే: కేవు గిట్టినగాని పడవ సాగదు. విమానమునకును అదియే ధర్మము. తొలినాళ్ల అమెరికా విమాన సంస్థలు టపా రాబడిపై ఆధారపడెడివి. 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన డగ్లస్ డి.సి.-3, రెండు ఇంజనులతో 21 మందిని మోసి, ప్రయాణికుల చార్జీలతోనే లాభము చూపెను. యుద్ధకాలమున దానికి డకోటా అను పేరు వచ్చినది.

యుద్ధానంతరము మిగులు డకోటాలు చౌకగా లభించెను. 1945లో నైజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించిన దక్కను ఎయిర్‌వేస్ వానినే బేగంపేటనుండి నడపెను. ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను.

1949లో రాత్రి టపా ఆరంభమయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు విమానములు నడిరేయి నాగపురమున కలిసి టపా సంచులు మార్చుకొనెడివి. మద్రాసులో సాయంకాలము వేసిన ఉత్తరము తెల్లవారుసరికి ఢిల్లీ చేరెడిది.

తన ఖర్చు తాను సంపాదించుకొనగల విమానము వచ్చినందుననే ఆకాశయానము నిలుకడగా సాగినది. డకోటా ఘనత ఇదియే.