తొంబది వచ్చినను ప్రవేశ మేల రాలేదు?



మన కోనసీమలో పట్టపరీక్ష ముగించిన బాలురును బాలికలును పలువురు నేడు ఎం.బి.ఏ. యను చదువునకు పోగోరుచున్నారు. ఎం.బి.ఏ. యనగా వ్యాపారనిర్వహణ విద్య. సరకు కొనుట, అమ్ముట, జమాఖర్చులు వ్రాయుట, పనివారిని నడుపుట, అప్పు తెచ్చి వడ్డీ కట్టుట, ఇవేవియు అంబాజీపేట కొబ్బరి వర్తకునకు క్రొత్తవి కావు. వానినే శాస్త్రముగా గూర్చి రెండేండ్లు బోధింతురు. ఈ చదువు మనకు నిన్న మొన్న వచ్చినదియు కాదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు 1957 లోనే యారంభమైనది. మన పెద్దలకు క్రొత్తగా తోచునది దాని వాకిట నిలిచిన ప్రవేశపరీక్ష. దాని స్వభావము తెలియకపోవుటచే కొన్ని యిండ్లలో పిల్లలకు అన్యాయము జరుగుచున్నది. ఆ సంగతియే నేడు మనవి చేయదలచితిని.

మనవారు ముఖ్యముగా రెండు పరీక్షలు వ్రాయుచున్నారు. ఒకటి ఐసెట్. ప్రభుత్వపక్షమున ఏటేట నొక విశ్వవిద్యాలయము దీనిని నడుపును. 2025 లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నడపినది. దీనివలన రాష్ట్రమందలి కళాశాలలలో ప్రవేశము కలుగును. రెండవది క్యాట్. ఇది దేశమంతటికి నొక్కటే పరీక్ష. ఐ.ఐ.ఎం. లను పెద్ద విద్యాలయములు దీనిని నడుపును. వానిలో మొదటివి కలకత్తా, అహమ్మదాబాదు నగరములలో 1961 లో వెలసినవి. మన విశాఖపట్టణమునకు 2015 లో నొకటి వచ్చినది.

పూర్వము పండితులకు శలాకాపరీక్ష యని యొకటి యుండెడిది. తాళపత్రగ్రంథమున పుల్ల గ్రుచ్చి, అది తగిలిన పత్రమును తీసి, అందలి విషయమును వివరింపు మనెడివారు. వివరించినవాడు పండితుడు. పదిమంది వివరించినచో పదిమందియు పండితులే. నేను వ్రాసిన భాషాప్రవీణ పరీక్షయు నట్టిదే. ఇన్ని మార్కులు వచ్చిన చాలును, ప్రక్కవాని కెన్ని వచ్చినవో యెవ్వరు నడుగరు. ప్రవేశపరీక్ష యట్లు కాదు. సీట్లు కొలది, వచ్చువారు లక్షలు. కావున నది వచ్చినవారిని వరుసలో నిలుపును. అంబాజీపేటలో కాయలను రాశి పోసి పెద్దవి, చిన్నవి వేరుచేయుట మీ రెరిగినదే. ఈ రాశిలో రెండవ రకమునకు పోయిన కాయ వేరొక రాశిలో మొదటి రకము కావచ్చును. కాయ మారలేదు, రాశి మారినది.

ఈ వరుసను తెలుపుటకు క్యాట్ వారు పెర్సెంటైల్ అను నొక లెక్కను వాడుదురు. పేరు పర్సెంటును పోలియుండుటచే మనవారు దీనిని నూటికి వచ్చిన మార్కులనుకొందురు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఒకనికి 90 వచ్చినదనగా, వ్రాసినవారిలో నూటికి తొంబదిమంది వాని వెనుక నున్నారని యర్థము. 2024 నవంబరులో క్యాట్ వ్రాసినవారు సుమారు 2,93,000 మంది. 90 వచ్చినవానికి ముందు ఇంకను 29,300 మంది యున్నారన్నమాట. 99 వచ్చినవానికి ముందు 2,930 మంది. తొంబదికిని తొంబదితొమ్మిదికిని నడుమ తొమ్మిది మెట్లే యని తోచును గాని, ఆ తొమ్మిది మెట్లమీద ఇరువదియారు వేలమంది నిలిచియున్నారు.

రాజోలు ప్రాంతపు రైతుగా రొకరు నా యొద్దకు వచ్చి, "మా మనవరాలికి నూటికి ఎనభైనాలుగు వచ్చినా సీటివ్వలేదండి మేష్టారూ, ఇందులో ఏదో గూడుపుఠాణి ఉందండి" అనిరి. గూడుపుఠాణి లేదు, ఆమెకు ముందు నలువదియారు వేలకు పైగా నున్నారు. అయితే వారి యింటిలో దీనికి తీసిన తాత్పర్యము వేరు. ఎనుబదినాలుగుకే రానిది ఎన్ని వచ్చినను రాదు, ఇక చదువు మాన్పించి పెండ్లి చేయుదమని నిశ్చయించిరి. ఆ బాలిక మరియొక యేడు చదివెదనని యేడ్చుచున్నది. ఆమె వెనుక రెండులక్షల నలువదివేలమంది యుండిరనియు, వారిలో పట్టణములలో వేలకు వేలు పోసి శిక్షణ పొందినవా రెందరో యుందురనియు నేను చెప్పితిని. ఈ పరీక్షకు వయఃపరిమితి లేదు. మరల వ్రాయుట కడ్డును లేదు. తాతగారు విని తలయూచిరి. ఇంటిలో తక్కినవా రింకను సమ్మతింపలేదని వినుచున్నాను.

దీనికి తలక్రిందైన పొరపాటును కలదు. 2024 లో ప్రశ్నలు 68, మార్కులు 204. తొంబదియో నూరో వచ్చినవానిని చూచి, సగమైన రాలేదే యని తండ్రి కోపించును. అన్ని మార్కులలో సగమునకు తక్కువ వచ్చినవారికిని 99 పెర్సెంటైల్ లభించిన సంవత్సరములు కలవు. కావున పిల్లవాని నడుగవలసినది మార్కులు కాదు, వరుసలో స్థానము.

ఇక ప్రశ్నల తీరు. నా పూర్వశిష్యు డొకడు పాతప్రశ్నలు తెచ్చి చూపగా, ఐసెట్ లోని యొక రకము నన్ను మిక్కిలి యాకర్షించినది. తోటలో చెట్లెన్ని యని యడుగుదురు. వరుసకు పండ్రెండు చెట్లని యొక మాట, వరుస లెనిమిది యని మరియొక మాట చెప్పుదురు. తొంబదియారు అని గుణించి చెప్పనక్కరలేదు. మొదటి మాట చాలునా, రెండవది చాలునా, రెండును కావలెనా, రెండున్నను చాలదా, ఇంతమాత్రమే చెప్పవలెను. ఏ హేతువు దేనిని సాధించునో విచారించుటయే గదా మన తర్కశాస్త్రము! దీనిని బట్టీపట్టి గెలువజాలరు.

ఐసెట్ లో 150 నిమిషములలో 200 ప్రశ్నలు. ప్రశ్నకు నలువదియైదు క్షణములు. తప్పు వ్రాసినను మార్కు తగ్గదు. కావున ఒక్క ప్రశ్నయు విడువరాదు. క్యాట్ లో నట్లు కాదు. అది మూడు భాగములు, భాగమునకు నలువది నిమిషములు. ఒకదానినుండి మిగిలిన కాలమును వేరొకదానికి వాడరాదు. సరియైన యుత్తరమునకు మూడు మార్కులు, నాలుగింట నొకటి యేరుకొను ప్రశ్నలలో తప్పునకు ఒక మార్కు కోత. కన్నులు మూసికొని యిట్టివి నాలుగు గుర్తించినచో, ఒకటి యొప్పై మూడు వచ్చును, మూడు తప్పై మూడు పోవును; మిగులునది సున్న. నాలుగింటిలో నొకటి కాదని నిశ్చయముగా తెలిసినచో మూడు ప్రశ్నలకు ఒక మార్కు మిగులును. ఉత్తరమును తామే వ్రాయవలసిన ప్రశ్నలు కొన్ని కలవు, వానికి కోత లేదు. ఒక పరీక్షకు నేర్చిన నడక రెండవదానికి పనికిరాదని శిక్షణాలయములవారు సయితము కొందరు చెప్పరు.

భాషవిషయమున మన పిల్లలకు నిజమైన కష్టము కలదు. ఐసెట్ లో లెక్కలును తర్కమును తెలుగునను చదువుకొనవచ్చును. ఇంగ్లీషు భాగము మాత్ర మింగ్లీషే. క్యాట్ అంతయు నింగ్లీషే. అందలి దీర్ఘవ్యాసములను చదివి భావము గ్రహించు నేర్పు మూడునెలలలో రాదు. డిగ్రీ మొదటియేటినుండి దినమున కొక గంట మంచి యింగ్లీషు పత్రికను చదువుటకు ఇంటిలో తావును తీరికయు కల్పింపుడు. శిక్షణకు పోయు సొమ్ముకంటె నిది మేలని నా యభిప్రాయము.

ఐసెట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇంటికి దళారులు వచ్చుట కలదు. ప్రైవేటు కళాశాలలలో నూటికి డెబ్బది సీట్లు ర్యాంకునుబట్టి కన్వీనరు నింపును, ముప్పది యాజమాన్యమువారివి. ఆ ముప్పదిలో నొకటి యిప్పింతుమని వీరు తోట తాకట్టు పెట్టింతురు. ముందుగా మీ పిల్లవాని ర్యాంకునకు కన్వీనరు కోటాలో ఏ కళాశాల రాగలదో విచారింపుడు. ఏ కళాశాల ముందు, ఏది వెనుక యని కోరికల వరుసను కంప్యూటరులో నింపవలెను. ఆ పనిని నెట్ సెంటరు కుర్రవానికి విడుచుట నేను పలుమారులు చూచితిని. వాడు తన తోచినట్లు నింపును. ఆ వరుసయే పిల్లవాని రెండేండ్లను నిర్ణయించును. దగ్గర కూర్చుండి కాగితముమీద వ్రాసికొని నింపింపుడు.

క్యాట్ వ్రాయువారి విషయమున మరియొకటి. ఐ.ఐ.ఎం. లలో షెడ్యూల్డు కులములకు నూటికి 15, తెగలకు ఏడున్నర, వెనుకబడిన తరగతులలో క్రీమీలేయరు కానివారికి 27, తక్కినవారిలో ఆర్థికముగా బలహీనులైనవారికి 10 వంతున సీట్లు కలవు. వెనుకబడిన తరగతులవారికి రాష్ట్రప్రభుత్వపు మాదిరి పత్రము చాలదు, కేంద్రప్రభుత్వపు మాదిరిది కావలెను. బలహీనవర్గ పత్రమైనచో ఆ యార్థికసంవత్సరముదే యుండవలెను, నిరుటిది చెల్లదు. సాధారణముగా దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తీసికొందురు. తహశీలుదారు కార్యాలయమున పత్రము చేతికి వచ్చుటకు దినములు పట్టును గనుక, జూలైలోనే పొలము కాగితములు, ఆదాయవివరములు తీసికొని అచ్చటికి పోవలెను. ఆ తిరుగుడు పిల్లలకంటె మీకే బాగుగా తెలియును.