పాలపిట్ట దర్శనం: పొలిమేర నుంచి పంజరం దాకా



ఆచార్య బిరుదురాజు రామరాజు గారిని తలచుకుంటూ నాలుగు మాటలు చెప్తాను. ఓరుగల్లు సీమలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయ సాహిత్యాన్ని పరిశోధనకు ఎత్తుకున్న మనిషి ఆయన. పల్లె జనం నోట ఉన్నదాన్ని నవ్వి కొట్టిపారేయకుండా, కళ్లు మూసుకుని మొక్కకుండా, ఇది ఎక్కడ పుట్టింది, ఇన్నాళ్లు ఎందుకు నిలిచింది అని అడగడం ఆయన తరం మనకు నేర్పిన పద్ధతి. ఆ పద్ధతిలోనే ఈ సాయంత్రం ఒక్క పిట్టను గురించి మాట్లాడతాను.

పశుపక్ష్యాదుల మీద మన నమ్మకాలకు లెక్కలేదు. బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగాల్లో ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. పిల్లి ఎదురైతే కాసేపు కూర్చుని బయల్దేరతాం. పెరట్లో కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం. గుడ్లగూబ ఇంటి మీద వాలితే కర్ర పుచ్చుకుంటాం. ఆ చివరిది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే మన ధాన్యం తినే ఎలుకల్ని తినే పక్షి అది. ఇవన్నీ వాటంతట అవి మన దారికి అడ్డం వచ్చేవి. పాలపిట్ట సంగతి వేరు. ఏడాదికొకసారి, విజయదశమి నాడు, కొత్త బట్టలు కట్టుకుని ఊరు ఊరంతా దాన్ని వెతుక్కుంటూ వెళ్తుంది.

తెలంగాణ పల్లెల్లో దసరా సాయంత్రం ఎలా గడుస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. పొలిమేర దాటి జమ్మి చెట్టు దగ్గరికి పోతారు. పూజ అయ్యాక ఆకు తెంపి, బంగారమని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కుతారు, ఈడువాళ్లు అలయ్ బలయ్ తీసుకుంటారు. పోతూనో వస్తూనో చేన్ల వైపు, కరెంటు తీగల వైపు చూస్తుంటారు. ఎవరికో ముందు కనిపిస్తుంది. "అగో, పాలపిట్ట!" అనగానే పిల్లలు భుజాలెక్కుతారు. అజ్ఞాతవాసం తీరి పాండవులు జమ్మి మీది ఆయుధాలు దించుకున్నప్పుడు ఈ పిట్ట కనిపించిందనీ, అందుకే గెలిచారనీ పెద్దలు చెప్తారు. రావణుడి మీద యుద్ధానికి పోతూ రాముడు చూశాడని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఈ ఆచారం వేళ్లు చాలా లోతుకు పోతాయి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో శకునాలకు అధ్యాయాలకు అధ్యాయాలే కేటాయించాడు. అందులో ఖంజనానికి, అంటే మన కాటుకపిట్టకు, ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. వానలు వెనకబట్టాక వచ్చే ఆ పిట్టను ఆ ఏడు మొదటిసారి ఎక్కడ చూశామన్నది అక్కడ ముఖ్యం. తామరల మీదో ఆవుల దగ్గరో కనిపిస్తే మంచిది, బూడిద మీదో ఎముకల మీదో కనిపిస్తే కీడు. శరదృతువులో ఒక పిట్టను తొలిసారి చూడటాన్ని శకునంగా ఎంచడం పద్నాలుగు వందల ఏళ్ల కిందటే గ్రంథానికి ఎక్కిందన్నమాట. పాలపిట్ట దర్శనం ఆ కుదురులోదేనని నా అభిప్రాయం.

మరి విజయదశమే ఎందుకు? వానాకాలమంతా బురదలో దిగబడే బళ్లు, ఏనుగులు, గుర్రాలు అప్పటికి కదలగలుగుతాయి. ఏర్లు తగ్గుతాయి. రాజులు దండు కదిపే రోజు అది, ఎల్ల దాటే రోజు. విజయనగరంలో మహర్నవమి ఉత్సవాలు ముగిశాక కృష్ణదేవరాయలు సేనల్ని ఎలా పరిశీలించాడో పోర్చుగీసు యాత్రికుడు పేస్ కళ్లారా చూసి రాశాడు. యుద్ధానికి కాలు బయటపెట్టేవాడికి మంచి శకునం కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన మైదానాల్లో, పంటచేలల్లో పాలపిట్టలు ఎక్కువగా కనిపించడం మొదలవుతుంది. తీగ మీద కదలకుండా కూర్చుని కిందికే చూస్తుంటుంది. అలా ఉన్నంతసేపు గోధుమరంగు పిట్ట, పక్కన నడిచిపోయినా గుర్తుపట్టం. మిడత కదిలిందా, రెక్క విప్పుతుంది. లేతనీలం, ముదురునీలం పట్టీలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. మిడతలు, పేడపురుగులు, కీచురాళ్లు దాని తిండి. పంట చేతికొచ్చే ముందు చేలో తిరిగే ఆ పిట్టను రైతు మంచిదనుకోవడంలో వింతేముంది?

ఈ చరిత్రలో అన్నీ అందమైనవే ఉన్నాయని చెప్పను. మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్స్టన్ దక్షిణ భారత శకునాల మీద 1912లో అచ్చువేసిన పుస్తకంలో ఒక తెలుగు నమ్మకాన్ని నమోదు చేశాడు. ఆవు పాలు తగ్గిస్తే ఈ పిట్ట ఈకల్ని తరిగి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయట. ఈక కావాలంటే పిట్ట చావాలి. అదే కాలంలో ఐరోపా దొరసానుల టోపీల కోసం మన దేశపు పిట్టల ఈకలు ఓడలకెక్కాయి, పాలపిట్టవీ అందులో ఉన్నాయి. 1902లో ప్రభుత్వం ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది.

ఇప్పటి సంగతికి వస్తాను. పట్నాలు పెరిగాయి, పొలిమేరలు దూరమయ్యాయి. చేలకు వెళ్లలేనివాళ్ల కోసం పిట్టే పట్నానికి వస్తోంది. దసరా నాడు గుడి ముందు గుడ్డ కప్పిన చిన్న పంజరం పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. డబ్బులిస్తే గుడ్డ ఎత్తుతాడు, మనం దండం పెడతాం. లోపలున్న పిట్టకు రెక్కలు కత్తిరించో, కట్టేసో, జిగురు పూసో ఉంటాయి. పండక్కి చాలా రోజుల ముందే పట్టి తెస్తారు. ఎగిరి దూకి పురుగును పట్టే పిట్ట పంజరంలో వేసిన గింజ ముట్టదు. విడిపించినా చాలావాటికి ఎగిరే శక్తి ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, బంధించడం, అమ్మడం నేరం. తెలంగాణ వచ్చాక 2014లో రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నదీ దీన్నే, రాష్ట్ర వృక్షం జమ్మి. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకునేదాకా అక్కడా ఇదే.

చట్టం మాట అలా ఉంచి, నమ్మేవాళ్లకు నమ్మకం వైపు నుంచే ఒక మాట చెప్తాను. శకునం అంటే మన ప్రమేయం లేకుండా దానంతట అది జరిగేది. ఏ దిక్కున కనిపించింది, ఎక్కడ వాలింది, ఎటు ఎగిరింది అన్నవే శకునశాస్త్రం అడిగే ప్రశ్నలు. పంజరంలో పిట్టకు దిక్కు లేదు, వాలడం లేదు, ఎగరడం లేదు. కనిపించకుండా పోయే స్వేచ్ఛ దానికి ఉన్నప్పుడే కనిపించడం శుభం అవుతుంది. డబ్బిచ్చి గుడ్డ ఎత్తించుకున్నవాడికి ఏ శాస్త్రం ప్రకారమూ ఫలం రాదు.

ఆచారం మారితే పోతుందన్న భయం అక్కర్లేదు. కలకత్తాలో పాత జమీందారీ ఇళ్లవాళ్లు దశమి నాడు ఈ పిట్టనే, నీలకంఠమని, గాల్లోకి వదిలేవారు. దుర్గమ్మ బయల్దేరిందన్న కబురు కైలాసానికి మోసుకెళ్తుందని వాళ్ల నమ్మకం. పట్టడం నేరమయ్యాక శోభాబజార్ రాజబాడీలో మట్టి నీలకంఠాన్ని చేయించుకుంటున్నారు. అమ్మవారి పూజకు ఏ లోటూ రాలేదు. మనకు మట్టిపిట్ట కూడా అక్కర్లేదు, అసలుది ఇంకా మన చేలల్లో ఉంది. అయితే తగ్గుతోంది. దేశంలోని పక్షుల స్థితి మీద 2023లో వచ్చిన నివేదిక, బాగా తగ్గిపోతున్న మామూలు పక్షుల్లో పాలపిట్టను చేర్చి, దానికున్న ముప్పు స్థాయిని మళ్లీ అంచనా వేయాలని కోరింది. ఎండిన తాటిమాను నరికితే దాని గూటి తొర్ర పోతుంది, చేలో మందు కొడితే తిండి పోతుంది.

పంజరం పట్టుకున్న మనిషిని పోలీసులకు అప్పజెప్పడంతో ఈ కథ తేలిపోతుందని నేననుకోను. తరాలుగా పిట్టల్ని పట్టి బతికినవాళ్లు వాళ్లు. వాళ్ల చూపు ఎలాంటిదో కలివికోడి అనే పక్షి కథ చెప్తుంది. 1848లో పక్షి శాస్త్రజ్ఞుడు జెర్డాన్ లోకానికి చూపించిన ఆ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాన్ని రాత్రిపూట పట్టి తెచ్చింది ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషి. బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రజ్ఞులకు దొరకనిది ఆయన కళ్లకు దొరికింది. అలాంటి కళ్లున్న కుటుంబాలు మన పట్నాల అంచుల్లోనూ ఉన్నాయి. ఏ తీగ మీద ఏ వేళకు పాలపిట్ట వాలుతుందో వాళ్లకు తెలుసు. వచ్చే దసరాకు ప్రతి కాలనీ సంఘం ఒక బస్సు మాట్లాడి, వాళ్లలో ఒకరికి రోజు కూలి, పండగ మామూలు ముందే చేతిలో పెట్టి, చేల గట్ల దాకా తీసుకెళ్లి చూపించమని అడగాలని ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను. అటవీశాఖ, పక్షి ప్రేమికుల సంఘాలు కలిసివస్తే ఒక్క జిల్లాలో మొదలుపెట్టినా చాలు.